బూడిద రంగు గడి

మీరు ప్రయత్నిస్తున్న నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు అని ఫోన్లో అమ్మాయి అదే తీయటి గొంతుతో మళ్ళీ చెప్పింది, చెప్పి ఊరుకుంటే పోయేది, దయచేసి కాసేపాగి ప్రయత్నించండి అని సలహా కూడా ఇచ్చింది, ఆ సలహాతో ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పొద్దుట్నుంచీ ఆమె చేస్తున్నదే కాసేపాగడం. చెల్లెలికి ఒకసారి, తూర్పు వైపు ఆరోగ్య కేంద్రాలకి ఒకదాని తర్వాత ఒకటి, మళ్ళీ చెల్లెలికి. నిన్నటి గాలివాన ఆ వైపు కరెంటు స్తంభాల్నీ ఫోను టవర్లనీ కట్టగట్టి పడేసిందని తెలుసు, సాయంత్రానికి బాగుచేస్తామన్నారనీ తెలుసు, తెలిసి మాత్రం ఏం లాభం, వేలు ఊరుకోదు కదా. ఎదురుగా కంప్యూటర్లో వారపు పట్టిక. ఊళ్ళు నిలువుగా, జబ్బులు అడ్డంగా, చిట్టచివర మరణాల గడి. సోమవారం సాయంత్రం అయ్యేలోగా అది నిండాలి, నివేదిక బయటికి పోవాలి, పోకపోతే పైనుంచి ఒకరు, పక్కనుంచి ఒకరు, పత్రికల వాళ్ళు ఇంకొకరు, అందరూ కలిసి ఆమె ప్రాణం తోడేస్తారు. తూర్పు వైపు వరసలు ఖాళీగా ఆమె మొహంలోకే చూస్తున్నాయి. కిటికీ బయట జనరేటరు డుగడుగమంటోంది, ఫ్యాను తిరుగుతున్నట్టే ఉంది గాని గాలి రాదు, పొద్దున తెచ్చుకున్న టీ మీద తెట్టు కట్టింది. పిచ్చుకకి గొంతు నొప్పి తగ్గిందో లేదో.

పిచ్చుక చెల్లెలి కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది, అప్పట్నుంచీ అదే పేరు, ఇప్పుడు ఒకటో తరగతిలో చేరి నోటినిండా కబుర్లు చెప్తుంది, పెద్దమ్మా నువ్వు జబ్బుల్ని లెక్కపెడతావంట కదా, వాటికి కాళ్ళుంటాయా అని అడుగుతుంది. శనివారం చెల్లెలు ఫోన్ చేసింది. అక్కా, పిచ్చుక గొంతు నొప్పంటోంది, మింగలేకపోతోంది, వాళ్ళ తరగతిలో ఇంకో ఇద్దరు కూడా గొంతు నొప్పనే బడికి రావట్లేదట, మా ఊళ్ళో ఏమైనా తిరుగుతోందా, నీకైతే తెలుస్తుంది కదా అంది. ఉండవే చూస్తా అని పట్టిక తెరిచింది, చెల్లెలి ఊరి వరస మీదికి వచ్చి చూసింది, జ్వరాలు సున్నా, గొంతు జబ్బులు సున్నా, కంఠసర్పి, అదే డిఫ్తీరియా, సున్నా, విరేచనాలు సున్నా, ఆ మూల నుంచి ఈ మూలకి ముత్యాల్లా సున్నాలు. ఏం లేదే, నీదంతా కంగారు, చల్లనీళ్ళు తాగుంటుంది, ఉప్పు నీళ్ళు పుక్కిలించమను అంది. అనడంలో కాస్త దర్పం కూడా ఉంది, లేదని ఎందుకు, ఉంది. హమ్మయ్య, నువ్వు చెప్పావంటే ఇంక నాకు దిగుల్లేదక్కా అని చెల్లెలు ఫోన్ పెట్టేసింది. ఆ మర్నాడే గాలివాన. అప్పట్నుంచీ ఈ తీయగొంతు అమ్మాయే దిక్కు.

ఊళ్ళలో నర్సులూ గుమాస్తాలూ ఆమెని సోమవారం మేడం అంటారు. ఎదుట అనరు గాని ఆమెకి తెలుసు. ఆమె నంబరు కనపడగానే ఫోను బల్ల మీద పెట్టి పక్కకి తప్పుకునేవాళ్ళున్నారు, నేను కాదండీ మా అమ్మాయిని అని గొంతు మార్చిన ఘనుడు కూడా ఉన్నాడు. ఏం చేస్తుంది మరి, ఊరికే అడిగితే ఎవరిస్తారు, వెంటపడాలి, నెత్తీ నోరూ కొట్టుకోవాలి. కొత్తలో ఎంత ఓపిగ్గా చెప్పేది. శిక్షణ తరగతుల్లో బోర్డు మీద రెండు పెద్ద గడులు గీసి, ఒకదాంట్లో సున్నా వేసి, ఇంకోటి ఖాళీగా వదిలి, చూడండమ్మా, ఈ రెండూ ఒకటి కాదు, సున్నా అంటే మీరు వెతికారు, ఎవరూ దొరకలేదు అని, ఖాళీ అంటే మీరసలు చూడలేదని, చూడకుండా సున్నా వేయకండి, చూసి ఖాళీగా వదలకండి, అని గొంతు పోయేలా చెప్పేది. వాళ్ళు తలలూపేవాళ్ళు, కొందరు రాసుకునేవాళ్ళు, భోజనాల టైమవుతోందని వెనక వరసలో సణుగుడు మొదలయ్యేది. అంత పొడుగు మాట ఏడాదికేడాది అరిగి అరిగి ఇప్పుడేమైంది? సున్నా అయినా పంపమ్మా తల్లీ. అంతే మిగిలింది.

దానికి కారణం ఆ బూడిద రంగు. పక్క బల్ల దగ్గర కూర్చునే ఆయన పని పట్టికని మ్యాపుగా మార్చడం, అందుకని అందరూ రంగులాయన అంటారు. కేసుల్లేని ఊరు పచ్చ, కొన్ని ఉంటే పసుపు, మితిమీరితే ఎరుపు, కబురే రాకపోతే బూడిద. చక్కటి పద్ధతి. చెడింది ఎక్కడంటే, పోయినేడు ఒక పెద్ద సమావేశంలో డైరెక్టరు గారు ఆ మ్యాపుని గోడంత పెద్దది చేసి చూపిస్తుంటే ముందు వరసలో ఎవరో, ఆ బూడిద మచ్చలేమిటండీ, అవేం జబ్బు అని అడిగారు. సమాచారం రాలేదండీ అని డైరెక్టరు గారు అనేసరికి హాలంతా నవ్వు. తిరిగొచ్చి కోటు కూడా విప్పకుండా, చూడండి మేడం, ఇకమీదట నా మ్యాపులో బూడిద కనపడకూడదు, ఎరుపున్నా ఫరవాలేదు, బూడిదుంటే మనం నిద్రపోతున్నట్టుంటుంది అన్నారు. ఎరుపున్నా ఫరవాలేదట. జనం జబ్బు పడొచ్చు గాని ఈయన పరువు పడకూడదు. ఆ పూట ఆమె నోరు తెరిచి సార్, అది నిద్ర కాదు, అది నిజం అనాల్సింది. అనలేదు. ఏమంది? సరే సార్ అంది. ఫోనందుకుని ఒక్కొక్కరినీ తరమడం మొదలుపెట్టింది, నీ ఒక్క గడి వల్ల మ్యాపంతా పాడైందమ్మా, ఏదో ఒకటి పంపు, సున్నా అయినా పంపు.

మళ్ళీ నొక్కింది. అందుబాటులో లేదు. పొమ్మంది. మరణాల గడి చూసుకుందామని కిందికి జరిగింది, అదింకో తలనొప్పి. జబ్బులంటే ఏవో అనుమానాలు, చావైనా ఖచ్చితం కదా అనుకుంటారు జనం. ఖచ్చితమే, పోయినవాళ్ళకి ఖచ్చితం. పట్టికకి ఎక్కడ ఖచ్చితం? మనిషి పోయిన రోజు వేరు, పోయాడని కాగితం మీదికెక్కిన రోజు వేరు. వరసగా సెలవులొచ్చి ఆఫీసులకి తాళాలు పడితే ఆ వారం పట్టికలో ఒక్కరూ చావరు, తాళాలు తీసిన వారం అందరూ కలిసి ఒకేసారి చస్తారు, వెంటనే పత్రికల కుర్రాడు ఫోన్ చేసి మేడం మరణాలు రెట్టింపయ్యాయి కారణం చెప్పండి అంటాడు. కారణం తాళం నాయనా అంటే రాసుకోడు. నాన్న పోయింది కూడా అలాంటి సెలవుల్లోనే. అంతా అయ్యాక ఆఫీసుకొచ్చి ఆ వారం పట్టిక తెరిస్తే నాన్న లేడు. వెతికింది, వార్డు చూసింది, వయసు చూసింది, లేడు, ఎంత పిచ్చంటే ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది, పోలేదేమో అనిపించింది. తర్వాతి వారంలో దొరికాడు. మగ, డెబ్బై దాటిన వాళ్ళు, మా వార్డు, ఒకటి. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చి, చెల్లెలికి ఫోన్ చేసి, నాన్న ఇవాళ వచ్చాడే అంది. అవతల అది ఏమనుకుందో పాపం. తర్వాత మెల్లిగా, అక్కా, నువ్వు కొన్నాళ్ళు సెలవు పెట్టరాదూ అంది.

చెల్లెలి ఊరికి పక్క ఊళ్ళో ఒక గుమాస్తా ఉన్నాడు, నత్త అని పేరు పెట్టారు ఆఫీసులో. ఎప్పుడూ ఆలస్యమే, పంపితే సవ్యంగా ఉండదు, ఒక వారం అంకె మీద టీ మరక, ఒక వారం జబ్బు పేరు ఒక గడిలో అంకె ఇంకో గడిలో. పోయిన వారం గొంతు జబ్బుల గడిలో చాలా అని రాశాడు మహానుభావుడు. చాలా! ఫోన్ చేసి, చాలా అంటే ఎంతండీ, అయిదా, పదా, యాభయ్యా అని అడిగితే, లెక్కపెట్టే తీరిక లేదు మేడం, పక్క ఊరి వాళ్ళు కూడా ఇక్కడికే వచ్చేస్తున్నారు అన్నాడు. ఎవరెక్కడి వాళ్ళో నాకనవసరమండీ, నాకు అంకె కావాలి, మీ చాలాని నేనెక్కడ పెట్టుకోను అని కసిరింది. కంప్యూటరు అంకెల గడిలో అక్షరాలు తీసుకోదు, ఎర్రగా మెరిసి అరుస్తుంది. చివరికి ఆ గడిలో ఏం వేశారు? గుర్తులేదు. గుర్తుంది, ఎందుకు లేదు. రంగులాయన ప్రస్తుతానికి సున్నా వేస్తాను మేడం, ఆయన అంకె చెప్పాక మార్చుకుందాం అన్నాడు, ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆయన చెప్పలేదు, వీళ్ళు మార్చలేదు, వారం గడిచిపోయింది.

“మేడం, చూశారా!” రంగులాయన కుర్చీతో సహా ఇటు తిరిగాడు. “తూర్పు వైపంతా చీకటి, ఒక్కరూ పంపలేదు. గడియారం మాత్రం పొద్దున్నే పంపేసింది. ఈ గాలివానలో కూడా!”

గడియారం అంటే చెల్లెలి ఊరి కేంద్రంలో నర్సు. సోమవారం పొద్దున ఆమె నివేదిక వచ్చిందంటే గోడ మీద టైము సరిచేసుకోవచ్చు, అంత నమ్మకం. ఎండాకాలం సమీక్షలో ఉత్తమ నివేదికకి ప్రశంసాపత్రం ఇప్పించింది సోమవారం మేడమే, అందరూ ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి అని మైకులో చెప్పింది కూడా, ఆ రోజు అమ్మాయి రాలేదు, పల్లెల్లో తిరుగుతుందిలే పాపం, పనిమంతురాలు అనుకున్నారు. చూశారా మరి, బుద్ధుంటే పని ఆగుతుందా అని రంగులాయనతో అంది, అంటూనే ఆ వరస తెరిచింది, సున్నాలు, అవే ముత్యాలు, పొద్దున్నే వచ్చి కూర్చున్నాయి. మంచిది. ఒక్క ఊరైనా నిండింది. మరి ఎలా పంపింది? కరెంటు లేదు, టవరు లేదు. ఎక్కడికో నడిచి వెళ్ళి పంపిందేమో. ఎక్కడికి నడుస్తుంది, ఆ కేంద్రం చెల్లెలి ఇంటికి రెండు వీధుల అవతల, అక్కడ సిగ్నలుంటే ఇక్కడా ఉండాలి కదా, ఈ ఫోన్లో అమ్మాయి ఇన్నిసార్లు ఎందుకు వాగుతోంది మరి. వదిలెయ్, పంపింది కదా, వచ్చిన దానికి వంకలెందుకు. వేలు మాత్రం వదల్లేదు, పాత వారాల్లోకి వెనక్కి వెళ్ళింది. సున్నాలు. ఇంకా వెనక్కి. సున్నాలు. వానలు మొదలయ్యాక ఊరూ వాడా ముక్కులు చీదుతున్న వారంలో కూడా అక్కడ ఒక్కడికీ జ్వరం లేదు. ఆ వారమే కదా చెల్లెలింట్లో అందరూ మంచాలెక్కారు, మరిదికి దగ్గు తగ్గక రాత్రంతా కూర్చునే ఉన్నాడని అది ఫోన్లో వాపోయింది. ఒక ఊళ్ళో ఇన్నాళ్ళు ఒక్క పిల్లకి గొంతు నొప్పి రాదా, ఒక్క ముసలాయన తుమ్మడా, అది ఊరా, ఫొటోనా?

చెల్లెలు ఫోన్ చేస్తే తేలే రకం కాదు. వాషింగ్ మెషీను నీళ్ళు కారుతోందని మొదలుపెట్టి అత్తగారి మోకాళ్ళ మీదుగా బడి బస్సు వాడి పొగరు దాకా వెళ్తుంది, ఈమె పట్టిక చూసుకుంటూ ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఊఁ అంటుంది, నిజమే అంటుంది, మరే అంటుంది. ఆ ఊఁల మధ్యలో ఎక్కడో, వానల ముందు కాబోలు, చెల్లెలు ఒక మాట అంది. పిచ్చుకకి బడిలో చేరే ముందు వేయించే బూస్టరు టీకా ఉంది కదక్కా, దానికోసం ఎన్నిసార్లు తిరిగానో, ఎప్పుడెళ్ళినా తాళమే. ఊఁ అంది ఈమె. మా ఊరి కేంద్రానికి తాళం పడి బూజు పట్టిందక్కా అంది చెల్లెలు. మరే, అంది ఈమె. ఆ మాట చెవిలోకి వెళ్ళిందే గాని లోపలికి దిగలేదు, ఇన్నాళ్ళూ చెవి గట్టునే కూర్చుని ఉంది, ఇప్పుడు దిగింది. తాళం. తాళం వేసిన కేంద్రం నుంచి ప్రతి సోమవారం, గంట కొట్టినట్టు, సున్నా. కంఠసర్పి రాకుండా వేసేది ఆ టీకానే, అది పడలేదు. గొంతు నొప్పి. ఇంకో ఇద్దరు. పక్క ఊళ్ళో చాలా. గడియారం సొంత నంబరు వెతికి నొక్కింది. తీయగొంతు అమ్మాయి వస్తుందని కాచుకుంది, రావాలనే కోరుకుంది. రాలేదు. రింగైంది.

“మేడం! సోమవారం కదా, మీరే అయ్యుంటారనుకున్నా. బావున్నారా?” వెనకాల బస్సుల హారన్లు, ఎవరో కూరగాయలు బేరమాడుతున్న గొంతు, కరెంటున్న ఊరి గోల.

“అమ్మా, నువ్వెక్కడున్నావు?”

“ఇక్కడే మేడం, బజారుకొచ్చా. అదే, కొత్త ఊళ్ళో. బదిలీ అయి వచ్చేశాను కదా, మీకు తెలీదా? ఎండలు ముదరక ముందే వచ్చేశాను.”

“మరి పొద్దున నీ నివేదిక వచ్చిందేంటి?”

అవతల బస్సు ఒకటి వెళ్ళిపోయింది, బేరమాడే ఆవిడ గొంతు దూరమైంది. తర్వాత, “అయ్యో,” అంది గడియారం, చిన్న గొంతుతో. “అవి ఇంకా వెళ్తున్నాయా మేడం?”

తిట్టాలనుకుంది. నోరు తెరిచింది కూడా. అవతల ఆ అమ్మాయి ఏడవడం మొదలుపెట్టేసరికి అదీ కుదరలేదు, వినాల్సి వచ్చింది. సోమవారాలు టీకాలకని ఊరవతలకి వెళ్ళేదాన్ని మేడం, అక్కడ సిగ్నలుండదు, రెండుసార్లు ఆలస్యమైతే మీరు కోప్పడ్డారు, నా గడి వల్ల మ్యాపు పాడైందన్నారు, రాత్రి అన్నం సహించలేదు నాకు. మా తమ్ముడు చెప్పాడు, మెయిలు ముందే రాసి పెట్టుకుంటే ఏ సోమవారానికి ఆ సోమవారం అదే వెళ్ళిపోతుందని. ఒక ఆదివారం కూర్చుని ఏడాది మొత్తానికీ సున్నాలు పెట్టేశాను. దొంగలెక్క కాదు మేడం, ఒట్టు, ఎవరైనా జ్వరమని వస్తే ఆ వారందాన్ని తెరిచి మార్చేదాన్ని, అంకె సరిగ్గా వేసేదాన్ని. బదిలీ కాగితం చేతికిచ్చి రేపే చేరమన్నారు, ఆ కంగారులో మర్చేపోయాను. నా స్థానంలో ఎవరూ రాలేదంట, తాళంచెవి పక్క ఊరి గుమాస్తా గారికిచ్చి వచ్చాను, జనాన్ని కూడా అక్కడికే వెళ్ళమన్నాం. మీరే కదా మేడం, సున్నా అయినా పంపమన్నారు.

ఫోన్ పెట్టేసిన చెయ్యి బల్ల మీదే ఉండిపోయింది. ఎవరి మీద పడాలి ఇప్పుడు? బదిలీ కాగితం ఇచ్చి మనిషిని పీకేసి ఇంకో మనిషిని పెట్టని వాడెవడో వాడి మీద, పరువు పోతుందని రంగు తీసేయించిన డైరెక్టరు గారి మీద, ప్రస్తుతానికి సున్నా వేస్తాననే ఆయన మీద, టవర్ల మీద, గాలి మీద, ఆ తీయగొంతు అమ్మాయి మీద. ఒక్కొక్కరినీ మనసులో నిలబెట్టి కడిగింది, కడిగే కొద్దీ వెనకాల వరసలో చివర నిలబడ్డ మనిషి దగ్గరికొచ్చింది, చేతిలో ఫోను, భుజానికీ చెవికీ మధ్య చెల్లెలు. ఉప్పు నీళ్ళు పుక్కిలించమను అన్న గొంతు. నువ్వు చెప్పావంటే ఇంక నాకు దిగుల్లేదక్కా. నాన్న ఏదో ఒక వారం ఆలస్యంగానైనా వచ్చాడు, పిచ్చుక ఏ వారంలోనూ రాకూడదు, ఏ వార్డులోనూ, ఆడ, పదేళ్ళ లోపు అనే ఏ గడిలోనూ. మళ్ళీ నొక్కింది. లేదు. మళ్ళీ నొక్కబోతుంటే ఫోనే మోగింది.

“అక్కా! ఇప్పుడే సిగ్నలొచ్చింది. ఇన్నిసార్లు చేశావేంటి, బావగారు బావున్నారా? ఏమైంది?”

“పిచ్చుకకెలా ఉందే?”

“జ్వరం పెద్దగా లేదు. పడుకునే ఉంది, నీరసంగా. మెడ కాస్త వాచినట్టుంది. నువ్వు చెప్పావుగా, పూటపూటా ఉప్పు నీళ్ళు పుక్కిలిస్తూనే ఉంది, మంటంటున్నా బలవంతాన.”

“ఫోన్లో లైటు వెయ్యి. దాని నోరు తెరిపించి లోపలికి చూడు.”

“ఇప్పుడా? నిద్రపోతోందక్కా, లేపితే ఏడుస్తుంది.”

“లేపు! ఏడవనీ! చూడమంటే చూడవే!”

మంచం కిర్రుమంది, దుప్పటి సర్దిన చప్పుడు, చెల్లెలు బుజ్జగిస్తోంది, ఆ అనమ్మా, పెద్దమ్మ చూడమంటోంది. పెద్దమ్మా, అని ఒక గొంతు. అది పిచ్చుక గొంతు కాదు. బొంగురుగా, ముసలిదానిలా, గాలి ఎక్కువ మాట తక్కువగా వచ్చింది. రంగులాయన తిరిగి చూశాడు, ఆమె కుర్చీలోంచి ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలీదు.

“గొంతు వెనకాల ఏదో పొరలా అంటుకుని ఉందక్కా,” అంది చెల్లెలు. “తెల్లగా. కాదు, తెలుపు కాదు.”

“ఏం రంగు?”

“బూడిద రంగు.”

ఆ తర్వాత ఆమె మాట్లాడినదంతా ఎవరో వేరే మనిషి మాట్లాడినట్టుంది, అంత నిదానం. దాన్ని గీకొద్దు, తుడవొద్దు, ముట్టుకోవద్దు. మరిదిని కారు తీయమను, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, ఈ నిమిషమే, బట్టలు సర్దుకోకండి. రోడ్డు మీద చెట్లు పడ్డాయా, అయితే చుట్టు తిరిగి వెళ్ళండి. ఆ తరగతిలో ఇద్దరున్నారన్నావు చూడు, వాళ్ళ అమ్మలకి దారిలో ఫోన్ చెయ్యి, వాళ్ళనీ అక్కడికే రమ్మను. నేను ఆసుపత్రి వాళ్ళకి చెప్పి ఉంచుతాను. చెల్లెలు అన్నిటికీ సరే సరే అంది, ఎక్కడో చెప్పు వెతుక్కుంటోంది, తలుపు తీస్తోంది, మధ్యలో ఆగింది. కానీ నువ్వే కదక్కా, మా ఊళ్ళో ఏం లేదన్నావు, అంది. దెప్పడానికి కాదు, అర్థంకాక అడిగింది. “నాకు తెలీదే,” అంది ఆమె. “తెలీదని చెప్పాల్సింది, లేదని చెప్పాను. పరిగెత్తు.” పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరు ఫోనెత్తింది, విరుగుడు మందు ఉంది, పంపండి, ఎంత త్వరగా వస్తే అంత మంచిది అంది, అని, అదేంటి మేడం, మీ మ్యాపులో ఆ ఊరు ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది కదా అంది. అవునండీ, ఉంటుంది, అంది ఆమె.

డైరెక్టరు గారు అప్పుడే వచ్చారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. “అయిందా మేడం? పంపేద్దామా? అంతా పచ్చేనా?”

“రంగులు గారూ, తూర్పు వైపంతా బూడిద వేసేయండి,” అంది ఆమె, ఈయన వైపు తిరక్కుండానే. రంగులాయన చెయ్యి గాల్లో ఆగింది, ఇటు చూశాడు, అటు చూశాడు. డైరెక్టరు గారు నవ్వబోయి, ఇవాళ్టికి పోయిన వారం అంకెలే ఉంచేద్దాం మేడం, గాలివాన కదా, రేపు సరిచేసుకుందాం, బూడిద చూస్తే మనల్ని ఏమంటారు అన్నారు. “ఏమంటారో అననివ్వండి సార్! అక్కడ మనకి మనిషే లేదు, నెలల్నుంచీ లేదు, తాళం వేసిన గది మనకి సున్నాలు పంపుతోంది, మనం దానికి ప్రశంసాపత్రం ఇచ్చాం! ఆ ఊళ్ళో ఏముందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. తెలీదని వేయండి. వేస్తారా, నన్ను వేయమంటారా?” ఇన్నేళ్ళలో ఆమె ఆయన ముందు గొంతెత్తడం ఎవరూ వినలేదు, ఆమె కూడా వినలేదు. ఆయన ఆమె మొహం చూశారు, చేతిలో ఫోను చూశారు, మీ వాళ్ళెవరికైనా బాలేదా మేడం అని మెల్లిగా అడిగారు. ఆమె తలూపింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వేసేయండి అని రంగులాయనతో అని గదిలోకి వెళ్ళిపోయారు. మ్యాపు మీద ఒక్కో ఊరే బూడిదగా మారింది.

ఆమె కూర్చుని చెల్లెలి ఊరి వరస తెరిచింది. జ్వరాల గడిలో సున్నా తుడిచేసింది, ఖాళీ. విరేచనాల సున్నా తుడిచేసింది, ఖాళీ. పక్క ఊరి వరసలోకి వెళ్ళి పోయిన వారం గొంతు జబ్బుల సున్నా తీసేసి, వివరాల గడి అక్షరాలు తీసుకుంటుందని ఇప్పుడు గుర్తొచ్చి, అందులో చాలా అని టైపు చేసింది. మళ్ళీ వెనక్కొచ్చింది. కంఠసర్పి, అనుమానిత కేసులు. ఒకటి. ఎవరు చెప్పారు అనే గడిలో కేంద్రం కోడు వేయాలి, వేయలేదు, తల్లి, ఫోన్లో, అని రాసింది. ఎవరడుగుతారో అడగనీ. చివరికి మరణాల గడి మిగిలింది. అందులో కూడా గడియారం ఎప్పుడో ఒక ఆదివారం కూర్చుని పెట్టిన సున్నా గుండ్రంగా, నింపాదిగా ఉంది. అదీ తుడిచేసింది. మళ్ళీ అక్కడే సున్నా వేయాలని వేలు గుంజింది, వేస్తే నిజమవుతుందేమో అన్నంత ఆశ పుట్టింది, ఎంతమంది చేత ఎన్నిసార్లు వేయించిందో ఆ సున్నాని, ఒక్క నొక్కు, అంతే. వేయలేదు. అక్కడ చూసి చెప్పేవాళ్ళు ఇంకా ఎవరూ చెప్పలేదు. గడిని అలాగే ఖాళీగా వదిలేసి, ఫోను రెండు చేతుల్తో పట్టుకుని, చెల్లెలి పేరు కేసి చూస్తూ కూర్చుంది.